ఘాటీ దాటిన ఉత్తరము

ఉత్తరము వ్రాయుట యనగా ఎదుట లేని మనిషితో మాటలాడుట. ఎదుటనున్న వానితో మాటలాడునపుడు మన ముఖము, గొంతు, చేయి మన మాటకు తోడగును. విన్నవాడు అర్థము కాకున్న మరల అడుగును. ఉత్తరమున కా తోడు లేదు. కాగితముపైనున్న అక్షరములే దానికి దిక్కు. ఈ చిన్న సత్యమును నేను బాల్యముననే వింటిని. నడివయస్సున గాని నేర్చుకొనలేదు. నేర్చుకొనిన విధమును మన పత్రిక చదువరులకు చెప్పుకొనుట నాకు కొంత సిగ్గు, కొంత సంతోషము.

నేను మన పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువుచున్న దినములలో, మా వీథివారి ఉత్తరములు వ్రాసిపెట్టుట నాకొక చిన్న ఉద్యోగముగా నుండెను. సాలూరు పేరు చెప్పినంతనే లారీలు జ్ఞాపకమునకు వచ్చును గదా! మా వీథిలో ఇంటికొకరు డ్రైవరో క్లీనరో అయి, ఘాటీ యెక్కి కోరాపుట్టు, జయపురము, జగదల్పూరు మీదుగా రాయపురము వరకు పోవుచుండిరి. వెనుక మిగిలిన తల్లులును భార్యలును సాయంకాలమున పదునైదు పైసల కార్డు చేతబట్టుకొని మా అరుగు మీదికి వచ్చెడివారు. వారు చెప్పినది నేను వ్రాసెడివాడను.

మా తెలుగు మాస్టారు మాకు ఉత్తరములు వ్రాయు పద్ధతిని శ్రద్ధతో నేర్పిరి. కుడివైపున ఊరు, తేది, పిమ్మట పెద్దవారైన ‘మహారాజశ్రీ’ యనియు, చిన్నవారైన ‘చిరంజీవి’ యనియు సంబోధన, వెంటనే ‘ఉభయకుశలోపరి’, ఆపైని ‘ఇచ్చట మేమందరము క్షేమము, అచ్చట నీ క్షేమసమాచారములు తెలియజేయవలెను’ అను వాక్యము. అంతయు ముగిసిన పిదప గాని అసలు సంగతి రాదు. కార్డు చూడ చిన్నది. అందులో సగము ఈ మామూలు మాటలకే పోవుచుండుటచే నాకు విసుగు పుట్టెడిది. పదిమందికి వ్రాసినను అవే మాటలు. పేర్లు మాత్రము మారును.

ఒకనాడు మా యెదురింటి మామ్మ తన కుమారునికి ఉత్తరము వ్రాయించుకొనుటకు వచ్చెను. అతడు రాయపురమున నుండెను. ఇంటి వెనుక గోడ వానకు కూలినది, బాగుచేయించుటకు డబ్బు పంపవలెను, ఇదియే సంగతి. నేను తెలివితేటలు చూపదలచి, మామూలు మాటలు విడిచి, నేరుగ ‘చిరంజీవికి, మన యింటి గోడ కూలినది’ అని మొదలుపెట్టి వ్రాసి, చదివి వినిపించితిని. మామ్మ ముఖము నల్లబడెను.

“ముందల అందరం బాగున్నామని రాయి బాబూ. ఉత్తరం అందుకున్నోడికి గుండి దడదడలాడతాది. గోడ ఎనకాల సెప్పు” అనెను.

కార్డు నిండిపోయినది. వేరొక కార్డు కొనుటకు ఆమెయొద్ద పైసలు లేవు. తేది ప్రక్కన మిగిలిన జాగాలో చీమల వంటి అక్షరములతో ‘అందరము క్షేమము’ అని చేర్చి యిచ్చితిని. ఆమెకు చదువు రాదు, నాకు వచ్చును. కావున ఆమె పట్టుదల నాకు మూఢాచారముగ తోచెను.

చదువు ముగించి నేను విశాఖపట్టణమున కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయు పనిలో చేరితిని. విధివిలాసమేమో, అచ్చటను నాకు ఉత్తరములు వ్రాయు పనియే దొరికెను. అయితే ఈ సారి ఒక్కొక్క కార్డు వ్రాయుట కాదు. వేయి ఉత్తరములకు సరిపడు ఒక్క మూసను వ్రాయుట.

ఈ మూస యననేమో చిన్న తరగతుల విద్యార్థులకు తెలియుటకై కొంచెము వివరించెదను. శుభలేఖలు అచ్చువేయువారి యంగడికి పోయినయెడల, అన్ని మాటలును సిద్ధముగ కూర్చియుండును; వధూవరుల పేర్లు, ముహూర్తము, ఊరు మాత్రము మనము చెప్పవలెను. మన దేశపు తంతి తపాలావారు ఇంతకంటె చమత్కారమైన యేర్పాటు చేసియుండిరి. పండుగకు, పెండ్లికి, పరీక్షలో జయమునకు పంపదగిన శుభాకాంక్షల వాక్యములకు అంకెలు పెట్టిరి. పంపువాడు అంకె చెప్పిన చాలును. ఆ అంకె తంతిమీద పోవును. అవతలి ఆఫీసులో ఆ అంకెకు సరియైన వాక్యమును పూర్తిగ వ్రాసి యిచ్చెడివారు. 2013వ సంవత్సరము జూలై మాసమున ఆ తంతి సేవ నిలిచిపోయినది గాని, అందలి యుపాయము నిలిచిపోలేదు.

నేటి వెబ్ అప్లికేషన్లలో ఆ యుపాయమే పెద్దదై యున్నది. మీరు ఫోనులోనో కంప్యూటరులోనో పరీక్షా ఫలితములు చూచునపుడు కనబడు పుటను ఎవరును మీ కొరకై కూర్చుండి వ్రాయలేదు. ఒక మూస యుండును. దానిని వ్యూ అందురు, టెంప్లేట్ అనియు అందురు. అందు స్థిరమైన మాటలు ఉన్నవి ఉన్నట్లే యుండును. పేరు, తరగతి, మార్కులు రావలసిన చోట గుర్తులుండును. 2005లో వెలువడిన జాంగో అను పనిముట్టులో ఈ గుర్తును జంట మీసాల బ్రాకెట్ల నడుమ వ్రాయుదురు. 2004లో వెలువడిన రూబీ ఆన్ రెయిల్స్ అను మరియొక పనిముట్టులో వేరు గుర్తులు కలవు. సర్వరు ఆ గుర్తులున్న చోటుల మీ పేరును, మీ మార్కులను పెట్టి, పుటను పూర్తిచేసి మీకు పంపును. పుటను తయారుచేయు ఈ మూసతోనే ఈమెయిల్ ఉత్తరమును గూడ తయారు చేయవచ్చును. రెయిల్స్‌లో ఇందుకు ఆక్షన్ మెయిలర్ అను ప్రత్యేక భాగము గలదు. జాంగోలో మూసను నింపి, తెరకు పంపుటకు బదులు, మాటల ముద్దగా చేతికిచ్చు ఏర్పాటు గలదు. ఒకసారి వ్రాసినది పుటకును ఉత్తరమునకును పనికివచ్చును గనుక శ్రమ తగ్గును. రెండు చోట్ల రెండు విధముల మాట రాకుండును. ఈ సౌకర్యమును చూచి నేను మిక్కిలి మురిసితిని.

ఇచ్చట మన యూరి నుండియే ఒక పోలిక చెప్పుదును. లారీలకు బాడీలు కట్టు మేస్త్రీలను మీరందరు చూచియుందురు. వారికి కొలతలు తెలిసిన నమూనా యుండును. పది లారీలకును చెక్క ఒకే తీరున కోయుదురు. నుదుట వ్రాయు పేరు మాత్రము యజమానిదే. ఒకడు తన తల్లి పేరు, ఒకడు తన బిడ్డల పేర్లు వ్రాయించుకొనును. లారీ షెడ్డులో నున్నంతవరకు ఏ మేకు వదులైనను మేస్త్రీని కేకవేయవచ్చును. ఘాటీ యెక్కిన పిమ్మట మేస్త్రీ రాడు. షెడ్డులో బిగించినంత మట్టుకే దానికి బలము. వెబ్ పుట షెడ్డులోని లారీ వంటిది; తప్పున్న సాయంకాలములోగా దిద్దవచ్చును. ఈమెయిల్ ఘాటీ దాటిన లారీ. దానిని వెనుకకు పిలుచుటకు వీలు లేదు.

ఈ సంగతి నాకు మొదట ఒక హాస్యపు రూపమున ఎదురయ్యెను. పుటలోని లింకులకు పూర్తి విలాసము వ్రాయనక్కరలేదు. ఇంటిలోనున్న వానికి ‘లోపలి గదిలో చూడుము’ అన్న చాలును గదా! నేనా లింకులనే ఉత్తరములో పెట్టితిని. ఉత్తరమైతే ఇల్లు విడిచి పోవును. ఏ యింటి లోపలి గదియో దాని కెట్లు తెలియును? పూర్తి విలాసము వ్రాయవలెనని యొకరు చెప్పగా, యంత్రమునకు ఇంటిపేరు చెప్పితిని. కాని పరీక్షకై పెట్టుకొనిన ‘లోకల్‌హోస్ట్’ అను పేరునే చెప్పితిని. ఆ పేరునకు ‘ఈ యంత్రమే’ అని అర్థము. నా యంత్రముపై నొక్కిన లింకు చక్కగ తెరచుకొనెను. స్నేహితుడు తన యింట నొక్కగా అతని యంత్రములోనే వెదకి, ఏమియు కానరాదనెను. ‘మా యింటికి రమ్ము’ అని పిలిచి, నీ యింటి విలాసమే నీకిచ్చినట్లయ్యెను. అందరము నవ్వుకొంటిమి. ఆ నవ్వులో నేర్చుకొనవలసినది నేర్చుకొనియుండిన, తరువాతి సంగతి జరుగకపోవును.

కొంతకాలమునకు మా కార్యాలయము ఒక పాఠశాల హాజరు పట్టికకై అప్లికేషన్ తయారుచేసెను. ఆ పాఠశాలయందు కొండలనుండి వచ్చి వసతి గృహముననుండి చదువుకొను బాలికలు అనేకులు. తల్లిదండ్రులు లాగిన్ చేసి చూచుకొనుటకు ఒక పుట. లాగిన్ చేయనివారికి ఈమెయిల్. రెంటికిని మూస వ్రాయువాడను నేను.

పుటకు రెండు భాగములుండును. వెలుపలి చట్రము లేఅవుట్. లోపలి సారాంశము వ్యూ. పాఠశాల పేరు, విద్యార్థిని పేరు, తరగతి, ‘హాజరు’ అను శీర్షిక, ఇవన్నియు నేను చట్రములో పెట్టితిని. లోపలి భాగమున నేను వ్రాసినది రెండే వాక్యములు: “మీ బిడ్డ 3 రోజులుగా కనబడలేదు. వివరాలకు ఇక్కడ నొక్కండి.” అంకె మాత్రము మారుచుండును. తెరపై ‘హాజరు’ అను శీర్షిక క్రింద, బిడ్డ పేరు ప్రక్కన, ఆ వాక్యమును చూచినవారికి హాజరు పట్టికలో కనబడలేదనియే తోచును. ఈమెయిల్ వ్రాయు మెయిలర్ వేరు చట్రమును వాడును. పుట చట్రము దానితో రాదు. లాగిన్ చేసినవారెవరో పుటకు తెలిసినట్లు, చదువువారెవరో ఉత్తరమునకు తెలియదు. నేను లోపలి భాగమును తీసి ఉత్తరమునకు తగిలించి, నాలుగు పంక్తుల పని అయినదని ఇంటికి పోతిని.

నాకు తెలియని మరియొక సంగతి గలదు. కొండగ్రామములవారికి ఈమెయిల్ ఎక్కడిది? ప్రవేశ దరఖాస్తు నింపునపుడు ఈమెయిల్ అడిగిన చోట, నింపిపెట్టిన నెట్ సెంటరు అబ్బాయి తన విలాసమునే వ్రాసియుండెను. అతడు మంచివాడు. వచ్చిన ఉత్తరమును ముద్రించి, కాగితము మడతపెట్టి, పాచిపెంట కొండలవైపు పోవు జీపు డ్రైవరు చేతికిచ్చెను. డ్రైవరు ఆ గ్రామపు దారి మొగలో ఒకరికిచ్చెను. ఆ సాయంకాలము చీకటిపడు వేళకు, ఏడవ తరగతి చదువుచున్న ఒక బాలుడు ఆ కాగితమును ఆ తల్లికి బిగ్గరగా చదివి వినిపించెను. కాగితముపై పేరు లేదు. తరగతి లేదు. పాఠశాల పేరు లేదు. ‘మీ బిడ్డ 3 రోజులుగా కనబడలేదు’ అని మాత్రము గలదు. ఇక్కడ నొక్కుడనియు గలదు. కాగితమును ఎక్కడ నొక్కుదురు?

ఆమెకు ఆ పాఠశాలలో ఇద్దరు కుమార్తెలు.

మరునాడు ఉదయమున నేను ఆ పాఠశాల కార్యాలయములో గుమాస్తా గారికి అప్లికేషన్ వాడుక నేర్పుచు కూర్చుండియుంటిని. ఒక స్త్రీ, వెంట ఆమె అన్నయు, తలుపునొద్ద నిలుచుండిరి. మోకాళ్ల వరకు బురద. రాత్రియంతయు నడచి గెడ్డ దాటి వచ్చినట్లు పిదప తెలిసెను. ఇంటియందు ఆమె మాటలాడునది కువి భాష. తెలుగు వచ్చును గాని, భయములో మాటలు దొరకకుండెను. కాగితమును చాచి, “ఏ పిల్ల బాబూ?” అనెను. మరల “ఏ పిల్ల నేదు?” అనెను.

గుమాస్తా గారు పట్టిక చూచి వెంటనే చెప్పిరి. పెద్దపిల్ల తరగతిలో నున్నది. చిన్నపిల్ల ఉపాధ్యాయురాలి వెంట ఆటల పోటీలకు పార్వతీపురము పోయినది; ఆ సాయంకాలము తిరిగి వచ్చును. పట్టికలో ‘వచ్చినది’, ‘రాలేదు’ అను రెండు గళ్లే యుండుటచే, ఆటలకు పోయిన పిల్లకు ‘రాలేదు’ అని పడెను. ఆ రెండు గళ్లను పెట్టినవాడను నేనే. పెద్దపిల్లను పిలిపించిరి. తల్లి ఆమె తలను, భుజములను తడవి చూచుకొనెను. చిన్నదానితో ఫోనులో మాటలాడించిరి. గొంతు విన్న పిమ్మట గాని ఆ తల్లి కూర్చుండలేదు. మంచినీళ్లు త్రాగి, కాగితము వైపు చూపి, కోపము లేకుండ, తెలిసికొనగోరి యడిగినట్లు అడిగెను:

“ఈ కాయితం ఎవులు రాసినారు బాబూ? ఆలకి పిల్లల్నేరా?”

గుమాస్తా గారు నా వైపు చూచిరి, ఏమియు చెప్పలేదు. నేనే వ్రాసితినని చెప్పితిని. ఆమె నమ్మలేదు. యంత్రము వ్రాసినదని యనుకొనియుండెను గాబోలు. ఒకవిధముగ అదియు నిజమే. కాని యంత్రము నేను చెప్పినదే చెప్పినది.

ఆ రాత్రి నాకు మా యెదురింటి మామ్మ జ్ఞాపకమునకు వచ్చెను. ఉత్తరమందుకొనినవానికి గుండె దడదడలాడునని ఆమెకు తెలియును. ఆమె స్వయముగ అట్టి ఉత్తరములు అందుకొనినది గనుక. ‘ఉభయకుశలోపరి’ యనునది కార్డులో సగము తినివేయు వట్టి మాట కాదు. దూరపు వార్త వినుటకు ముందు మనస్సును నిలిపి యుంచు మాట. ఎన్ని తరములవారు ఎన్ని భయములు పడి, ఈ మాట మొదట నుండవలెనని నిశ్చయించిరో! అదియు మూసయే, కాని ఉత్తరమందుకొనువాని వైపు నుండి తయారైన మూస. నా మూస పంపువాని వైపు నుండి తయారైనది. పట్టికకు తెలిసినది చెప్పినది. తల్లికి కావలసినది చెప్పలేదు. ఈ యొక్క భేదమే నేను నేర్చుకొనినది.

దిద్దుటకు పూనుకొంటిని. కొన్ని దిద్దుబాట్లు తేలికవి. పుటకును ఉత్తరమునకును ఒకే వ్యూ వాడుట మానితిని. మార్కుల పట్టిక వంటి చిన్న భాగములు మాత్రము రెంటికి ఉమ్మడిగా నుంచి, మాటలు వేరుచేసితిని. విషయపు పంక్తిలోనే బిడ్డ పేరు, తరగతి పెట్టితిని. లింకులకు పూర్తి విలాసము వ్రాసితిని. లింకు లేకున్నను పని జరుగునట్లు వసతి గృహపు ఫోను నంబరును అంకెలలో వ్రాసితిని. రంగులు, బొమ్మలు గల రూపముతో బాటు వట్టి అక్షరముల రూపమును గూడ తయారుచేసితిని. 1992లో ఏర్పడిన మైమ్ అను కట్టుబాటు ప్రకారము ఈ రెండు రూపములను ఒకే కవరులో పెట్టి పంపవచ్చును. అందుకొను యంత్రము తనకు చేతనైన దానిని చూపును. రెయిల్స్ 4.1లో, అనగా 2014లో, ఉత్తరమును పంపకముందే తెరపై చూచుకొను సదుపాయము వచ్చియున్నది. దానిని నేను అంతవరకు తెరచి చూడలేదు. ఇప్పుడు తండ్రి లేని బిడ్డ పేరుతోను, పొడవైన పేరుతోను, ఒకే తల్లికి ఇద్దరు బిడ్డలున్న చోటను ఉత్తరమెట్లుండునో చూచుట అలవాటు చేసికొంటిని.

తేలిక కానిది ఒక్కటి. ఉత్తరపు మొదటి పంక్తి ‘మీ బిడ్డ క్షేమముగా ఉన్నది’ అని యుండవలెనని నాకు తెలిసెను. కాని ఆ మాట నిజమని యంత్రమున కెట్లు తెలియును? పేరును పట్టిక నుండి తీయవచ్చును, తరగతిని తీయవచ్చును, క్షేమమును ఏ పట్టిక నుండి తీయుదుము? మామూలుగా ప్రతి యుత్తరమునందును అచ్చు వేసినయెడల, ఒకనాటికి అది అబద్ధమగును. తల్లికి అబద్ధపు ధైర్యము చెప్పుట నా మొదటి తప్పుకంటె పెద్ద తప్పు.

గుమాస్తా గారును, వసతి గృహపు ఉపాధ్యాయురాలును, నేనును కూర్చుండి ఆలోచించి ఒక యేర్పాటు చేసితిమి. ‘రాలేదు’ అను గడి ప్రక్కన ‘ఎక్కడ నున్నది’ అను గడి పెట్టితిమి. దాని ప్రక్కన ‘ఈ దినము నేను చూచితిని, లేక మాటలాడితిని’ అను గడి పెట్టితిమి. దానిని నింపవలసినది మనిషి. నింపినవారి పేరు ఉత్తరము క్రింద పడును. ఆ గడి నిండినయెడల యంత్రము ఉత్తరము పంపును. నిండనియెడల పంపదు, గుమాస్తా గారి తెరపై ఎఱ్ఱని గీత చూపి, ఇంటికి ఫోను చేయుమని చెప్పును. అనగా, మూసలో పోయదగిన మాటను మూసలో పోసితిమి. పోయరాని మాటను మనిషి నోటికే విడిచితిమి.

పిమ్మట వెళ్లు ఉత్తరము ఈ విధముగ నుండెను: “అమ్మకు, అయ్యకు నమస్కారము. మీ అమ్మాయి, 6వ తరగతి, క్షేమముగా ఉంది. బడి తరపున ఆటల పోటీలకు పార్వతీపురం వెళ్లింది. టీచరమ్మ వెంట ఉన్నారు. గురువారం సాయంకాలం తిరిగి వస్తుంది. మాట్లాడాలంటే ఈ నంబరుకు ఫోను చేయండి.” ‘మీ అమ్మాయి’ యను చోట ఆమె పేరుండును. క్రింద చూచినవారి పేరుండును. ఎవరైనను బిగ్గరగా చదువగా, చదువురానివారు విని తెలిసికొనునట్లు వాక్యములు చిన్నవి చేసితిని. ఏలయన కొండలలో ఉత్తరము కంటికంటె చెవికే ఎక్కువగా చేరును. ప్రతి మూసను పంపకముందు గుమాస్తా గారిచే బిగ్గరగా చదివించి, కన్నులు మూసికొని వినుట అప్పటినుండి నాకు నియమమైనది.

ఇంతలో నాకొక సందేహము తోచెను. ఆ తల్లి భాష కువి గదా. ఆమెకు తెలుగు ఉత్తరమైనను పరాయి భాషా ఉత్తరమే గదా? ఈ సందేహము మన యూరికి క్రొత్త కాదు. 1880 దశాబ్దములో జర్మనీదేశపు బ్రెక్లుం నుండి వచ్చిన మిషనరీలు ఈ ప్రాంతమున నివసించి, కొండవారి మాట కొండవారికే పరాయి కాకూడదని తలచిరి. వారిలో షుల్జ్ దొరగారు కువి భాషకు వ్యాకరణము వ్రాసి 1911లో మద్రాసున అచ్చువేయించిరి. పరిశుద్ధ గ్రంథమున ఎస్తేరు గ్రంథము ఎనిమిదవ అధ్యాయమునందు, హిందూదేశము మొదలుకొని కూషు వరకు 127 సంస్థానములకు రాజు పంపిన తాకీదు, ప్రతి సంస్థానమునకు దాని వ్రాతలోను, ప్రతి జనమునకు దాని భాషలోను వ్రాయబడినట్లు చదువుచున్నాము. తాకీదు ఒక్కటే, వ్రాతలు అనేకములు. రాజు లేఖకులు ఆ దినముననే ఎరిగిన సంగతిని నేను ఇప్పుడు గాని ఎరుగలేదు. మూసలకు భాషకొక ప్రతిని పెట్టుకొనుటకు నేటి పనిముట్లలో వీలు గలదు. కువిలో ఆ నాలుగు వాక్యములను చెప్పుటకు వసతి గృహములోని పెద్ద బాలికలే నాకు గురువులైరి. వారు చెప్పినదానిని తెలుగు లిపిలో వ్రాసికొంటిని. తెలుగు లిపి 1991లో యూనికోడ్‌లో చేరియుండుటచే, ఏ యంత్రమైనను ఆ యక్షరములను ప్రశ్నార్థకములుగ మార్చక చూపగలదు.

మరియొక దృష్టాంతము. పౌలు అపొస్తలుడు రోమీయులకు వ్రాసిన పత్రికను తెర్తియు అనువాడు చేతితో వ్రాసెను, చెప్పినవాడు పౌలు. మరికొన్ని పత్రికల చివర పౌలు వందనవచనమును తన స్వహస్తముతో వ్రాసియున్నట్లు తెలిపియున్నాడు. వ్రాత యంతయు వేరొకరిచే వ్రాయించినను, ఒక్క పంక్తి తన చేతిదై యుండవలెనని ఆయన తలచెను. మా ఉత్తరములోని ‘నేను చూచితిని’ అను గడిని నింపునపుడెల్ల నాకు ఆ పంక్తి జ్ఞాపకమునకు వచ్చును. తక్కిన దంతయు యంత్రము వ్రాయవచ్చును. ఆ యొక్కటి మాత్రము స్వహస్తముతో వ్రాయవలెను.

ఆ తల్లిని నేను మరల ఒకసారి సాలూరు సంతలో చూచితిని. చింతపండు అమ్ముచుండెను. నన్ను గుర్తుపట్టెను. సంచిలోనుండి మడతపెట్టిన కాగితము తీసి చూపెను. అది మా క్రొత్త ఉత్తరము. చదువుట రాకున్నను దాచుకొనెను. “మొదటి మాట నాకొచ్చు” అని, వ్రేలు పెట్టి, “బాగుంది అని” అనెను. వ్రేలు సరిగా ఆ మాట మీదనే యుండెను.

ప్రియ విద్యార్థులారా! మీలో అనేకులు ముందునకు నావలెనే యంత్రములకు మాటలు నేర్పు పనిలో ప్రవేశింతురు. మీరు వ్రాయు ఒక్క వాక్యము వేయి ఇండ్లకు పోవును. మీరు ఆ వేయి ఇండ్లలో ఒక్కదానినైనను చూచియుండరు. కావున మూస వ్రాయునపుడు వేయిమందిని తలచుకొనవలదు. చీకటిపడు వేళ, దీపము దగ్గర, చదువు వచ్చిన పిల్లవానిని బ్రతిమాలి కాగితము చదివించుకొను ఒక్క తల్లిని తలచుకొనుడు. ఆమె మొదట ఏ మాట వినవలెనో, ఆ మాటను నిజము చేసికొని, మొదట వ్రాయుడు. తెలుగు మాస్టారు నేర్పు ఉత్తరపు పద్ధతిని పరీక్షలో రెండు మార్కులకై వల్లించునది యని తలపకుడు. నేను అట్లు తలచి, ఒక తల్లిని రాత్రియంతయు నడిపించితిని.

ఈ పత్రిక చదువు తల్లిదండ్రులకును, ఉపాధ్యాయులకును నమస్కారములు. ఇచ్చట మేమందరము క్షేమము. అచ్చట మీ క్షేమ సమాచారములు తెలియజేయవలెను.

— ఒక పూర్వ విద్యార్థి